పసుపు గీత

మోతీనగర్,
జూన్ 9

ప్రియమైన అక్కా,

ఇక ఫోను ఉండదు, నెలకి ఒక్క ఉత్తరమే అని నువ్వు చెప్పినప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. నీకు చెప్పాల్సినవి రోజూ పోగవుతాయి, పెన్ను పట్టుకుంటే ఒక్కటీ గుర్తు రాదు.

అమ్మ బాగానే ఉంది. చర్చిలో అడిగినవాళ్ళందరికీ "మా కరుణ సిస్టర్ అవుతోంది" అని గొప్పగా చెప్పి, ఇంటికొచ్చి తలుపేసుకుంటుంది.

నువ్వు వెళ్ళాక రాములన్న గ్యారేజీ కళ తప్పింది. ఇటలీ బండ్లకి వాల్వులు సరిచేయడానికి బెంగళూరు నుంచి ఎవరినో పిలిపించాడు. అతను రెండు రోజులు కుస్తీ పడితే, రాములన్న అతని మొహం మీదే "గీ పని మా కరుణ ఒక్క పూటల చేస్తుండె" అన్నాడు. ఆదివారం పొద్దున్నే బండ్ల మీద షికారు వెళ్ళడం మనవాళ్ళు మాత్రం మానలేదు. పళ్ళ డాక్టరు రవిచంద్ర గారు డుకాటీకి కొత్త సైలెన్సర్ వేయించారు. జూబ్లీహిల్స్ కుక్కలన్నీ ఆయన వెంటే పరుగు.

అసలు సంగతి. మొన్న సుహాస్ వచ్చాడు. కృత్రిమ కాలుతో నడక బాగా అలవాటైంది, మెట్లు కూడా ఎక్కేస్తున్నాడు. ప్రమాదం జరిగినప్పటి నుంచి, రెండేళ్ళుగా టార్పాలిన్ కింద పడి ఉన్న తన ఎర్ర బండిని చూస్తానన్నాడు. చాలాసేపు చూసి, దీన్ని మళ్ళీ నిలబెట్టండి అన్నాడు. ఎడమ కాలు లేదు కాబట్టి, గేరు చేత్తో మార్చేలా హ్యాండిల్‌కి బటన్లు పెట్టించుకుంటాడట. రాములన్న ఆ పని నాకు అప్పగించాడు. నేను వద్దన్నాను. ఎందుకు వద్దంటున్నానో ఎవరూ అడగలేదు.

శంషాబాద్ అవతల షూటింగ్ ఉంది. హీరో గారి బదులు రెండు లారీల మీదుగా బండి దూకించాలి. ఈ మధ్య ఇలాంటివే ఒప్పుకుంటున్నాను. ఇంట్లో కూర్చుంటే కాళ్ళూ చేతులూ ఒకచోట ఉండవు.

నీ తమ్ముడు,
చరణ్


నూజివీడు,
జులై 6

ప్రియమైన చరణ్,

రెండు లారీల మీదుగానా? అమ్మకి చెప్పావా? నాకు చెబితే ఇక్కడి నుంచి ఏమీ చేయలేనని ధైర్యమా?

మాకు నాలుగున్నరకి గంట కొడతారు. ప్రార్థన, దివ్యపూజ, తోటపని, పాఠాలు. చుట్టూ మామిడి తోటలు. నిశ్శబ్దంలో దేవుడి మాట వినాలంటారు సిస్టర్ ఫిలోమినా. సిస్టర్లు కాబోయే మా నోవిస్‌లందరినీ చూసుకునేది ఆమే. మొన్న బోరు మోటారు ఆగిపోతే నేను విప్పబోయాను. "కరుణా, నీ చేతులకి కాస్త ఖాళీగా ఉండటం నేర్పు" అన్నారు. చేతులు ఖాళీగా ఉంటే బుర్ర ఊరుకోదని ఆమెకి తెలియదు.

సుహాస్ బండి గురించి చదివాక ఉత్తరం మడిచి పెట్టేశాను. మళ్ళీ తీయడానికి మూడు రోజులు పట్టింది.

ఆ శనివారం ఆ బండికి ముందు చక్రం బ్రేకులు మార్చింది నేనే. పాతవి తీసి, చక్రాన్ని రెండు పక్కలా పట్టి ఆపే రేసు బండ్ల కొత్త కాలిపర్లు బిగించాను. మర్నాడు అందరం అనంతగిరి వెళ్తుంటే, మలుపులో సుహాస్ బండి ఎడమ కాలిపర్ కింది వైపు ఊడి చక్రంలో ఇరుక్కుంది. అతను ఎగిరి రాళ్ళ మీద పడటం వెనక నుంచి చూశాను. కాలిపర్‌కి ఉండాల్సిన రెండు బోల్టుల్లో కిందది లేదు. ఆస్పత్రిలో "నాదే తప్పు" అని నేనే చెప్పేశాను. అందుకే ఎవరూ ఇంకేమీ వెతకలేదు. ఆ తరువాత నేనూ ఆ బండి వైపు వెళ్ళలేదు.

బోల్టు సరిగ్గా బిగిస్తే టార్క్ రెంచి టక్కుమంటుంది కదా. కుడివైపు రెండు బోల్టులూ టక్కుమనడం గుర్తుంది. ఎడమవైపు పైదీ గుర్తుంది. కిందది గుర్తు రావడం లేదు. రెండేళ్ళుగా, ఇప్పుడు ఈ చాపెల్‌లో కూడా, కళ్ళు మూసుకుని నేను వింటున్నది దాని కోసమే.

ఒక్క పని చెయ్యి. ఎడమవైపు మిగిలిన ఆ పై బోల్టు చూడు. నాలుగూ బిగించాక, చిట్టచివర ఒకేసారి అన్నిటి మీదా పసుపు పెయింటుతో గీత పెట్టడం నా అలవాటు. బోల్టు తల మీద నుంచి కాలిపర్ మీదకి వచ్చేలా గీస్తాను. ఆ గీత ఉంటే నేను నాలుగూ బిగించినట్టే. లేకపోతే లేదు. ఏదైనా సరే, రాయి.

ప్రార్థనలో నిన్ను తలుచుకుంటూ,
అక్క


మోతీనగర్,
ఆగస్టు 11

ప్రియమైన అక్కా,

లారీల షాట్ బాగా వచ్చింది. దిగేటప్పుడు భుజం కాస్త పట్టేసింది, అంతే. డైరెక్టరు గారు చప్పట్లు కొట్టారు. తెర మీద హీరో గారి మొహం ఉంటుంది, అది వేరే సంగతి.

ఇక్కడ ఒకటే వాన. ఫిల్మ్‌నగర్ దిగువన నీళ్ళు నిలిచి గ్యారేజీలోకి వచ్చేశాయి. రాములన్న డుకాటీలన్నిటినీ బల్లల మీదికి ఎక్కించాడు, పెళ్ళికి వచ్చిన వియ్యాలవారిలా కూర్చున్నాయి. రవిచంద్ర గారు తన బండి తడిసిందేమోనని రోజుకి నాలుగుసార్లు ఫోను.

వద్దన్నా రాములన్న వినలేదు, సుహాస్ బండి పని నేనే చేస్తున్నాను. హ్యాండిల్ బటన్లు వచ్చాయి. ముందు చక్రం వంకర పోయింది కదా, తీసేసి కొత్తది ఆర్డరు పెట్టాం. రంగు కూడా మళ్ళీ వేయించాలి. సుహాస్ ఫిల్మ్‌నగర్‌లోనే డబ్బింగ్ స్టూడియోలో ఉంటాడు కాబట్టి సాయంత్రాలు వచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. ఇద్దరం టీ తాగుతాం. నేను ఎక్కువ మాట్లాడను.

నువ్వు అడిగిన బోల్టు... అక్కడంతా తుప్పూ మట్టీ. ఇంకా విప్పలేదు. చూసి రాస్తాను.

అమ్మ నీకు చేగోడీలు పంపుతానంటోంది. పంపవచ్చా?

నీ తమ్ముడు,
చరణ్


నూజివీడు,
సెప్టెంబరు 7

ప్రియమైన చరణ్,

ముందు చక్రం తీసేశామని రాశావు. కాలిపర్లు విప్పకుండా ఆ బండి ముందు చక్రం బయటికి రాదు. ఆ సంగతి నీకు నేర్పింది నేనే.

కాబట్టి ఆ బోల్టు నీ చేతిలోకి వచ్చింది. నువ్వు చూశావు. గీత లేదు, నన్ను బాధ పెట్టకూడదని దాస్తున్నావు. అంతే కదా?

ఒరేయ్, లేదని రాసినా తట్టుకుంటాను. పొద్దున తోటకి నీళ్ళు పెడుతూ ఎడమవైపు, కుడివైపు అని లెక్కపెట్టుకుంటున్నాను. పాడుతూ పాడుతూ కీర్తన మధ్యలో ఆగిపోతున్నాను. సిస్టర్ ఫిలోమినా చూస్తూనే ఉన్నారు. వచ్చే ఏడాది నేను సిస్టర్‌గా దేవుడికి మాటపట్టు ఇవ్వాలి. ఇలాంటి బుర్రతో దేవుడికి ఏం మాట ఇవ్వను?

నెలకొకటే అన్న నియమం పక్కన పెట్టి వెంటనే రాయమని చెప్పడానికి సిస్టర్ అనుమతి తీసుకున్నాను. ఉందా, లేదా? ఒక్క మాట చాలు.

అక్క


మోతీనగర్,
సెప్టెంబరు 15

అక్కా,

ఉంది.

విప్పే ముందే చూశాను, పసుపు గీత ఉంది. సగం బోల్టు తల మీద, సగం కాలిపర్ మీద. కానీ ఆ రెండు సగాలూ కలవడం లేదు. గోరంత పక్కకి జరిగి ఉన్నాయి. అంటే నువ్వు బిగించి గీత పెట్టాక, ఎవరో విప్పి మళ్ళీ బిగించారు.

ఆ ఎవరో నేనే.

ఆ శనివారం సాయంత్రం, మర్నాడు పొద్దున్నే బయల్దేరాలని నువ్వు ఆదివారం పూజకి బదులు ఆ సాయంత్రం పూజకే వెళ్ళావు. రాములన్న టీకి వెళ్ళాడు. తాళం బండికే ఉంది. ఐదేళ్ళుగా పెద్ద బండ్ల మీద దూకుతున్నాను, ఒక్కటీ నా ఇష్టానికి నడపలేదు. ఒక్క రౌండు అనుకున్నాను. రోడ్డు నంబరు నలభై ఐదు దాకా వెళ్ళొచ్చాను. అక్కా, ఆ పది నిమిషాలు ఎంత బాగుందో చెప్పడానికి కూడా ఇప్పుడు సిగ్గుగా ఉంది.

తిరిగి వస్తుంటే ఎడమవైపు సన్నగా రాపిడి చప్పుడు. కొత్త బ్రేకు ప్యాడ్లు మొదట్లో అలాగే ఉంటాయని నాకు తెలియదు. నేనేదో పాడు చేశానని భయమేసి కాలిపర్ విప్పాను. ఏమీ కనబడలేదు. పై బోల్టు పానాతో బిగించాను. కింద బోల్టు చేత్తో రెండు చుట్లు తిప్పాను. అప్పుడే ప్రొడక్షన్ మేనేజరు ఫోను. "గంటలో రామోజీ ఫిల్మ్‌సిటీ దాటి రావాలి, డూపు రాలేదు" అని. మాట్లాడుతూ లేచాను. అలాగే వెళ్ళిపోయాను.

మర్నాడు ఆస్పత్రికి పరిగెత్తుకొచ్చాను. చెప్పాలనే వచ్చాను. నోరు తెరిచాను. అప్పటికే నువ్వు సుహాస్ వాళ్ళ నాన్న ముందు నిలబడి "నాదే తప్పండీ" అంటున్నావు. నోరు మూసుకున్నాను. ఆ రోజు మూసింది మళ్ళీ తెరవలేదు. నువ్వు మఠానికి వెళ్తానన్నప్పుడు అమ్మ ఏడిస్తే అమ్మని సముదాయించింది కూడా నేనే.

నీ జులై ఉత్తరం వచ్చాక గుడ్డని పెట్రోల్లో ముంచాను. ఒక్కసారి తుడిస్తే గీత పోతుంది. తుడవలేకపోయాను. అదేదో మంచితనమని రాయడం లేదు. చేతకాలేదు, అంతే.

చరణ్


నూజివీడు,
సెప్టెంబరు 20

చరణ్,

సుహాస్‌కి చెప్పు. తరువాత రాములన్నకి, అమ్మకి. నువ్వే వెళ్ళి, ఎదురుగా నిలబడి చెప్పు. చెప్పేదాకా నాకు రాయకు.

కరుణ


మోతీనగర్,
అక్టోబరు 2

అక్కా,

చెప్పాను.

స్టూడియోకి వెళ్ళేసరికి సుహాస్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఏదో సీను డైలాగులు సరిచేస్తున్నాడు. వాటిని మెడ మీదికి జార్చి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను. అయిపోయాక అతను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ బోల్టు బిగించడానికి ఎంతసేపు పట్టేది?" అన్నాడు.

"నిమిషం."

"రోజూ నాతో టీ తాగావు చరణ్."

కొట్టినా బాగుండేది. తనే మళ్ళీ అన్నాడు: "మీ అక్క నెల రోజులు ఆస్పత్రికి వచ్చింది తెలుసా? రోజూ తలుపు దగ్గర నిలబడేది. నేను గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి. ఒక్కసారి కూడా లోపలికి రమ్మనలేదు. తనకి ఏం చెప్పాలి ఇప్పుడు నేను?"

వెళ్ళమన్నాడు. వచ్చేశాను.

రాములన్న వినీ వినగానే నా చేతిలోంచి గ్యారేజీ తాళాలు లాక్కున్నాడు. "రెండేండ్ల సంది గా పోరి ఏడుస్తుంటే జూస్కుంట ఎట్ల ఉన్నవ్‌ర? అన్నం ఎట్ల తిన్నవ్? పో. గీ బండిని ముట్టకు." తరువాత పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. బోల్టు, కాలిపర్ రెండూ ఒక సంచిలో వేసి సుహాస్‌కి పంపాడు. పోలీసులకి ఇచ్చుకున్నా నేను అడ్డు చెప్పనని నేనే చెప్పాను. ఇంకా ఏ కబురూ రాలేదు.

అమ్మ అన్నం పెడుతోంది. మాట్లాడటం లేదు.

వచ్చే నెల షూటింగులు రెండు వదులుకున్నాను. బండి ఎక్కాలనిపించడం లేదు. మోతీనగర్ నుంచి బోరబండ దాకా నడుస్తాను, తిరిగి వస్తాను, మళ్ళీ నడుస్తాను.

నన్ను క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు.

చరణ్


నూజివీడు,
అక్టోబరు 13

ప్రియమైన చరణ్,

పైన ఆ మాట రాయడానికి రెండు కాగితాలు చించాను. అలవాటు కొద్దీ రాశాననుకో.

నీ సెప్టెంబరు ఉత్తరం చదివాక నాకు సంతోషం రావాలి. నా చేతులు తప్పు చేయలేదు. ఎగిరి గంతేయాలి. కానీ ఆ రోజు తోటలో కూర్చుండిపోయాను. రెండేళ్ళుగా మోస్తున్న బరువు దించేసరికి ఎలా నిలబడాలో తెలియలేదు. తరువాత కోపం వచ్చింది. ఎంత కోపమంటే, పూజలో ఒకరికొకరు శాంతి చెప్పుకునే వేళ "సమాధానం మీతో ఉండుగాక" అని పక్కనున్న అమ్మాయి చేతులు జోడిస్తే నేను జోడించలేకపోయాను.

సిస్టర్ ఫిలోమినాకి అంతా చెప్పాను. ఆమె ఒకటే అడిగారు. "ఆ ప్రమాదం జరగకపోతే నువ్వు ఇక్కడికి వచ్చేదానివా?"

వెంటనే అవునని చెప్పబోయి ఆగాను. వారం రోజులు ఆలోచించాను. రాకపోయేదాన్ని చరణ్. నేను దేవుడు పిలిస్తే వచ్చానని అందరికీ చెప్పాను, నేనూ నమ్మాను. శిక్ష వేసుకోవడానికి చోటు వెతుక్కుని వచ్చాను. మిగతా అమ్మాయిలు పొద్దున గంట కొట్టగానే నవ్వుతూ లేస్తారు. నేను ఒక్కరోజు కూడా అలా లేవలేదు. అది తెలిశాక ఇక్కడ ఉండటం వాళ్ళని మోసం చేయడమే. సిస్టర్ నా నెత్తిన చెయ్యి పెట్టి, "నిన్ను పంపించడం లేదు, వదిలిపెడుతున్నాను" అన్నారు.

సుహాస్ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. పోలీసుల దగ్గరికి వెళ్ళడట. నిన్ను చూడటం మాత్రం ఇప్పట్లో తన వల్ల కాదట. ఆస్పత్రి తలుపు గురించి రాశాడు. దానికి జవాబు ఎదురుగా కూర్చునే చెబుతాను.

వచ్చాక ఏం చేస్తానో తెలియదు. రాములన్న దగ్గరికి వెళ్తానేమో. నీ మీద కోపం తగ్గలేదు, తగ్గుతుందని మాట కూడా ఇవ్వను. ఆ కోపంతోనే ఇంటికి వస్తున్నాను. అమ్మకి నువ్వే చెప్పు, నా కబురుతోనైనా నీతో మాట్లాడుతుంది.

మంగళవారం పొద్దున ఏడింటికి సికింద్రాబాదులో దిగుతాను. స్టేషనుకి రా. నీతో మాట్లాడతానో లేదో చెప్పలేను. ఆటోలో నువ్వో పక్కా నేనో పక్కా చూస్తూ ఇంటికి వెళ్తామేమో. అయినా రా.

అక్క