అరవై మూడు తాళాలు, ఇద్దరు జనాభా

ప్రాంతీయాభివృద్ధి అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఊళ్ళో మనుషులు లేరని తమరు తీసేసిన నర్సమ్మను, మనుషులు ఉన్నారు గనుక తిరిగి పంపుట గురించి.

నేను మా ఊరి దర్జీని. ముప్పై నాలుగేళ్ళుగా ఒకే వీధిలో, ఒకే కుట్టుమిషను ముందు కూర్చున్నవాణ్ణి. తమ కార్యాలయానికి ఇది నా నాలుగవ అర్జీ. మొదటి మూడూ తమరు చదవలేదని నాకు తెలుసు. మూడవదాన్ని తమ గుమస్తా టీ గ్లాసు కింద చూశాను. అందుచేత ఈసారి చిన్నపిల్లలకు చెప్పినట్టు వరుసగా విన్నవించుకుంటున్నాను.

1. తమ గది బయట రంగురంగుల బోర్డు ఉన్నది. దాని మీద "అభివృద్ధి కేంద్రంలో జనాభా పెరుగుదల నలభై ఒక్క శాతం" అని రాసి ఉన్నది. మూడుసార్లు పూటంతా నిలబెట్టారు గనుక నాకు కంఠతా వచ్చింది. ఆ పెరిగిన జనం మావాళ్ళే. ఉదయం ఆరింటికి వ్యానెక్కి, ఇరవై ఎనిమిది కిలోమీటర్లు దాటి తమ ఈ అభివృద్ధి కేంద్రానికి వచ్చి, తమ చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టి, సాయంత్రం మా ఊరికి తిరిగొచ్చి అక్కడే వండుకుని, అక్కడే పోట్లాడుకుని, అక్కడే పడుకుంటారు. ఫ్యాక్టరీ హాజరుపట్టీ చూసి తమరు వాళ్ళను ఇక్కడి జనాభాలో కలిపేసుకున్నారు. పగలు ఎక్కడ ఉంటే అక్కడివారే అన్నది తమ సిద్ధాంతమైతే, తమరు పగలు ఏనాడూ కుర్చీలో కనబడరు గనుక తమరు ఎక్కడివారో నాకు బోధపడుట లేదు.

ఆ ఫ్యాక్టరీ చొక్కాలు వచ్చాక నా దగ్గర కొత్త బట్ట కుట్టించుకునేవాడు లేడు. నా నోట్లో మట్టి కొట్టిన చొక్కాలు కుట్టేది మా వీధి ఆడవాళ్ళే. అయినా పనికి పోతూ ఇంటి తాళంచెవులు నాకే ఇచ్చి పోతారు. నా కొట్టు గోడకు అరవై మూడు మేకులు, మేకుకో తాళంచెవి, ఏది ఎవరిదో తెలిసేలా ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డపీలిక. ముసలివాళ్ళు పొలానికి, పిల్లలు పక్క ఊరి బడికి పోగా, పగలు ఊళ్ళో మిగిలేది నేనూ, నడవలేని నా భార్యా.

2. జనాభా లెక్కల కుర్రాడు పదకొండింటికి వచ్చాడు. "అన్నీ తాళాలే ఉన్నాయేంటి తాతా, ఎవరూ లేరా?" అన్నాడు.

"ఎవరుంటారు బాబూ, నేను తప్ప. ఊరంతా నా గోడకే వేలాడుతోంది" అని గొప్పలు పోయాను.

ఊడిన అతని బొత్తాం కుట్టిపెట్టాను, టీ ఇప్పించాను. వెళ్తూ వెళ్తూ ఒక కాగితం చాపి "సాక్షిగా ఒక సంతకం పెట్టు తాతా" అన్నాడు. పెట్టాను. చొక్కా కొలత రెండుసార్లు తీసేవాణ్ణి, ఆ కాగితం ఒక్కసారి కూడా చదవలేదు. అందులో "అరవై మూడు ఇళ్ళవారు శాశ్వతంగా వలసపోయారు, నివాసులు ఇద్దరు" అని ఉన్నదట. ఆ బుద్ధితక్కువ పని నాదే, ఒప్పుకుంటున్నాను. ఒక దర్జీ సంతకం దొరికింది కదా అని ఊరినే చెరిపేసిన తెలివి మాత్రం తమది.

3. ఇద్దరికి ఒక నర్సమ్మ దేనికని ఆమెను అభివృద్ధి కేంద్రానికి మార్చారు. నా భార్యకు షుగరు, కాలికి పుండు. నర్సమ్మ రోజూ కడిగి కట్టు కట్టేది, మానుతూ ఉండేది. ఆమె వెళ్ళి నలభై మూడు రోజులు. వ్యాను ఫ్యాక్టరీ కార్డు ఉన్నవారినే ఎక్కించుకుంటుంది. నేనే కట్టాను. గుడ్డ కుట్టే చెయ్యి అయ్యా ఇది, మాంసం సంగతి దీనికేం తెలుసు. పుండు నల్లబడింది. ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. రోజూ తెలిసిన చేత్తో కట్టు పడకపోతే ఈసారి పాదం తీసేస్తామన్నారు. ఆ రెండు వేళ్ళనూ జనాభాలోంచి ఎలా తీసివేయాలో తమ శాఖే తేల్చాలి.

4. కిందటి వారం తమరు వచ్చేదాకా, చీకటిపడేదాకా కాచుకుని, తమ ఎదుట నిలబడి ఇదంతా చెప్పుకున్నాను. తమరు తల ఎత్తకుండానే "సాక్షి సంతకం నీదే కదయ్యా. మళ్ళీ లెక్క పదేళ్ళకే. ఉన్నారు ఉన్నారంటావు, ఉంటే తీసుకొచ్చి చూపించు" అన్నారు. పక్కనున్న గుమస్తా నవ్వాడు.

ఇంటికెళ్ళి ఆ మాటే చెబితే నా భార్య అన్నది: "వాళ్ళ లెక్కలో ఇద్దరం ఉన్నాం కదా. ఆ ఇద్దరిలో ఒకరికి కట్టు కట్టమని అడగలేకపోయావా?" నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తమరికంటే ఆమెకు లెక్కలు బాగా వచ్చు.

కావున నర్సమ్మను తక్షణమే తిరిగి పంపవలసినదిగా కోరుతున్నాను. చిత్తమనేది ఒకటి ఉంటే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ లెక్క ప్రకారం ఊరి జనాభాలో సగం,
తమ విధేయుడు,
దర్జీ

జతపరచినవి: తాళంచెవులు, అరవై మూడు.

తా.క.: ఇది తమ కార్యాలయం వరండాలో కూర్చుని రాస్తున్నాను. తాళంచెవుల సంచిని తమ గుమస్తా తీసుకుని, అరవై మూడు తాళంచెవులు ముట్టినట్టు నేను రాసిన రసీదు మీద సంతకం పెట్టాడు. చదవలేదు. ఇక్కడికి వచ్చే సంచులన్నీ తమ ఇంటికే పోతాయని మూడుసార్లు నిలబడి చూశాను, దీన్నీ అక్కడికే పంపించాడట.

ఈ ఉదయం వ్యాన్ల దగ్గర అందరికీ చెప్పాను, సాయంత్రం తాళంచెవులు అధికారిగారి ఇంట్లో తీసుకోండని. ఆరింటికి ఫ్యాక్టరీ వదలగానే వ్యాన్లు నేరుగా తమ గుమ్మానికి వస్తాయి. ముసలివాళ్ళనూ పిల్లలనూ పాలవాడు ట్రాక్టరు మీద తెస్తున్నాడు. మూడువందల పన్నెండు మంది. చూపించమన్నారు, చూపిస్తున్నాను. గుడ్డపీలిక రంగు చెప్పి ఎవరి తాళంచెవి వాళ్ళు అడుగుతారు, తమరు ఒక్కొక్కరికే ఇస్తూ లెక్కపెట్టుకోవచ్చు.

నాతో కలిపి మూడువందల పదమూడు వస్తుంది. ఇంకా ఒకరు తక్కువ. మా ఇంటికి తాళం లేదు, ఆమె లోపలే ఉంది, రాలేదు. ఆ ఒక్కరి లెక్క కోసం తమరే మా ఊరు రావాలి. వచ్చేటప్పుడు నర్సమ్మను వెంటబెట్టుకుని రండి.