నడిపించమన్నారు కదా

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టాలి. కాగితాలు చింపుతున్నానే గానీ ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. మన అమ్మాయి, మన పిచ్చుక, ప్రాణానికి భయం లేదు. అది ముందే రాస్తున్నాను. మిగతాది కూర్చుని చదవండి.

మీ ఓడ రేవు చేరిందని, అందులో వంట పని మధ్య మీకు కాస్త ఊపిరాడుతోందని తెలిసి సంతోషించాం. అత్తయ్య మోకాళ్లెలా ఉన్నాయని అడిగారు. ఆవిడకేం, గదిగదికీ నా వెంట తిరిగి తిట్టేంత ఓపికగా ఉన్నారు. పిల్లకు రక్త క్యాన్సరు మందులు వేళకు వేస్తున్నానా అని అడిగారు. వేస్తున్నాను. అక్కడే వచ్చింది చిక్కు.

పదిరోజుల కిందట పిల్ల మంచం దిగనంది. "అమ్మా, నా తొడలో నిప్పుందే" అంది.

"దాని వేషాలు నాకు తెలీవా? బుడగ చూపించు, లేడిపిల్లలా దూకుతుంది" అన్నారు అత్తయ్య. నేనూ నవ్వాను.

మర్నాడు లాగు తొడుగుతుంటే ఎడమకాలికి వదులుగా ఉంది, కుడికాలికి ఎక్కనే లేదు. తొడ వేడిగా, చెక్కలా బిగుసుకుపోయి ఉంది. ఒళ్లంతా జ్వరం. జబ్బు కాలికి పాకిందనుకుని నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆసుపత్రిలో రక్తం చూశారు, కాలికి స్కాన్ తీశారు. డాక్టరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "జబ్బు పాకలేదమ్మా. చీమూ లేదు. మనమిస్తున్న క్యాప్సూల్ వల్లే కండ వాచింది. ఎక్కడో ఒక పిల్లకి ఇలా అవుతుంది" అన్నారు.

బతికిస్తుందని బుజ్జగించి, నా చేత్తో మింగించిన మందండీ! ఇప్పటికీ నమ్మలేకుండా ఉన్నాను.

డాక్టరమ్మకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. 'గారాబం చేయకు, రోజూ నడిపించు' అని మీరు రాశారు కదా. నొప్పన్న రోజే దాన్ని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి దించాను. "నాన్న చెప్పారే" అన్నాను. కళ్లు తుడుచుకుని ఎక్కింది.

క్యాప్సూల్ ఆపి, వాపు తగ్గే మందిచ్చారు. జ్వరం దిగింది. లాగు ఎక్కింది. రేపు మళ్లీ అదే క్యాప్సూల్, తక్కువ మోతాదులో. మానేస్తే జబ్బు తిరగబడుతుందట. రోజూ కాళ్లు తడిమి చూసి, వేడి గానీ నొప్పి గానీ ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు. ఆ మందు డబ్బా ఇప్పటికే రెండుసార్లు తెరిచి మూశాను.

మీకు ఎదురు చెప్పి ఎరగను. ఈ ఒక్కసారికి చెబుతున్నాను. ఇకమీదట నడిపించమని నాకు రాయకండి. నొప్పిగా ఉందా అని పిల్లనే అడగండి. అది ఏం చెబితే అది నమ్ముదాం.

ఇట్లు,
మన పిచ్చుక తల్లి,
మీ భార్య.