వెబ్ పేజీలో క్యారెట్లు

నవంబర్ 3, సోమవారం
మొయినాబాద్‌లోని మా యూనివర్సిటీ ఈ రోజు లెక్చరర్లందరికీ తలా ఒక సొంత వెబ్ పేజీ ఇచ్చింది. పైన పెద్ద అక్షరాల్లో నా పేరు: సమత, కెమిస్ట్రీ! కింద నిబంధనలు: చదువు సంగతులే రాయాలి. వ్యాపారం కూడదు. రాజకీయం కూడదు. మీరితే పేజీ మూత. ఉద్యోగం పర్మనెంట్ చేసే ముందు పేజీ కూడా చూస్తారట.
నిర్ణయం: రోజుకో పాఠం. ఒక్క నిబంధనా మీరను!

నవంబర్ 4
మొదటి పాఠం, ఆమ్లాలు. చూసినవాళ్లు ఇద్దరు. ఒకరు నేను. రెండోవారూ నేనే, ఫోన్లో.

నవంబర్ 6
నిన్న రాయలేదు. తలనొప్పి.
ఈ రోజు ముడిమ్యాలలోని మా చేని మట్టి గురించి రాశాను. పక్కన మా బాపు పండించిన క్యారెట్ల ఫొటో. క్యారెట్ కూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు.

నవంబర్ 7
జనమే జనం! అందరిదీ ఒకటే ప్రశ్న: "మేడమ్, కిలో ఎంత?"

నవంబర్ 8
'సందేహాలకు' అని బాపు నంబర్ పెట్టాను. ఇది వ్యాపారం కాదు, విజ్ఞాన సేవ.
సాయంత్రం బాపు ఫోన్: "ఏం రాసినవ్ బిడ్డా? మార్కెట్‌కు పోకముందే మాల్ మొత్తం అమ్ముడువోయింది!"
ఆయన అంతలా నవ్వి ఎన్నాళ్లయిందో. నంబర్ తీసేయలేకపోయాను.

నవంబర్ 10
తమ్ముడు ప్రవీణ్ సర్పంచ్‌గా నిలబడుతున్నాడు.
"అక్కా, గా క్యారెట్ల పక్కకు నా ఫొటో గూడ పెట్టు."
"రాజకీయం పెట్టొద్దురా."
"రాజకీయం ఏడున్నది? దండం పెడుతున్న, గంతే."
పెట్టాను. చిన్నగా.

నవంబర్ 11
మా విభాగం పెద్ద జ్ఞానేశ్వర్ సార్ పిలిచి పేజీ చూపించారు. "ఏందమ్మా ఇది? కెమిస్ట్రీ ఏడున్నది?"
"కిందికి జరపండి సార్."
జరిపారు. ప్రవీణ్ దండం పెడుతున్నాడు.
పేజీ మూశారు. ఇకపై జాగ్రత్తగా ఉంటానని రాసిస్తే సోమవారం తెరుస్తారట. అందాకా నా పర్మనెంట్ సంగతి కూడా ఆగినట్టే. బయటికొచ్చి బాత్రూంలో ఏడ్చాను.

నవంబర్ 12
ఇంట్లో చెప్పేశాను. ప్రవీణ్ తల దించుకున్నాడు. బాపు అన్నం ముద్ద అలాగే పట్టుకుని, "నా నంబర్ తీసెయ్ బిడ్డా. క్యారెట్లు ఎప్పటి లెక్కనే మార్కెట్ల అమ్ముకుంట. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు.
అన్నదేదో కోపంగా అన్నా బాగుండేది.

నవంబర్ 17, సోమవారం
రాసిచ్చాను. పేజీ తెరిచారు! తెల్లగా, ఖాళీగా ఉంది.
కొత్త నిర్ణయం: పాఠాలే. కూరగాయలు లేవు, తమ్ముళ్లు లేరు.
రాత్రి అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "బర్రె ఈనింది. పాలు మస్తుగున్నయ్. జర అండ్ల రాస్తవా?"
"రాయొద్దమ్మా. నిబంధనలున్నయ్."
అమ్మ లేవబోయి మళ్లీ కూర్చుంది. "పాలు కెమిస్ట్రీ కాదా?"
రేపటి పాఠం: పాలు ఎందుకు విరుగుతాయి. ఫొటో లేకుండా!