అన్నయ్య పాడిన వేలంపాట

అన్నయ్యకి,

మీ ఇంట్లో అందరూ బాగున్నారనే అనుకుంటాను. నా సంగతి ఈ ఉత్తరంలో ఉంది.

నాన్న స్టూడియో కెమెరాను ఆన్‌లైన్ వేలంలో పెట్టాను. పంపకాలప్పుడు "ఆ తుక్కు దాని ముఖాన పడెయ్యండి" అన్నావే, అదే. ఒక డ్రాయింగు మాస్టారు మంచి ధర దాకా పాడాడు. ఆఖరి గంటలో ఎవరో కొత్తావిడ పోటీకి దిగి, ధర రెట్టింపు చేసి గెలుచుకుంది. నా అదృష్టమే అనుకున్నాను.

మర్నాడు వేలం కంపెనీ నుంచి ఫోను.

"మేడమ్, గెలిచినావిడ చిరునామా, మీ పాత చిరునామా ఒకటే. అమ్మేవాళ్ళ బంధువులు పాడకూడదండీ. ధర పెంచే నాటకం కింద లెక్క. అమ్మకం రద్దయింది, మా ఫీజు మాత్రం తిరిగి రాదు."

వదిన పేరుతో పాడింది నువ్వేనని అప్పుడు తెలిసింది. నిలదీస్తే, "నీకు సాయం చేద్దామనే కదే" అన్నావు. పోయిన నెల నా దుకాణం అద్దెకి చేబదులు అడిగితే చేతిలో పైసా లేదన్నావు. కెమెరా కావాలని ఒక్క మాట అంటే ఊరికే ఇచ్చేదాన్ని.

మాస్టారు వేరే కెమెరా కొనుక్కున్నాడు. వేలం కంపెనీవాళ్ళు నా ఖాతా మూసేశారు. మళ్ళీ తెరవాలంటే ఆ ఇంటివాళ్ళు నాకేమవుతారో రాసి సంతకం చెయ్యాలట. ఏమీ కారని రాశాను. అబద్ధం రాస్తున్నానేమో అనుకున్నాను. సంతకం పెట్టాక అలా అనిపించలేదు.

చెల్లెలు