డికాక్షన్ రంగు నీళ్ళు

జూలై 19

చిరంజీవి అమ్మడికి,

బాబాయి ఆశీస్సులు. నేనూ మీ పిన్నీ క్షేమం. నీ చేపలూ క్షేమమే. ముందు ఆ మాట నమ్మి, తర్వాత మిగతాది చదువు. తొట్టి ఇంకెప్పుడు ఇస్తావని నిలదీశావు. చెప్తాను.

ఇల్లు మారే హడావుడిలో దాన్ని మా డ్రైక్లీనింగ్ షాపులో పెట్టి, నీళ్ళు మాత్రం ముట్టుకోవద్దని మరీమరీ చెప్పి వెళ్ళావు. ముట్టుకున్నాను. ముప్పై ఏళ్ళుగా మరకలు వదిలించి బతుకుతున్నవాణ్ణి, కౌంటరు మీద డికాక్షన్ రంగు నీళ్ళు పెట్టుకుని ఎన్నాళ్ళు ఊరుకోను? ఒకావిడ చీర ఇస్తూ, మీ దగ్గర నీళ్ళ మరకే పోలేదేమిటండీ అని అడిగింది. నాకు తల కొట్టేసినంత పనయింది. అడుగునున్న ఆకులు పారేసి, తొట్టి తళతళలాడేలా కడిగి, కుళాయి నీళ్ళు నింపాను.

మర్నాటికి గోరంత ఎర్రచేపలన్నీ వెలిసిన గుడ్డల్లా పాలిపోయి ఓ మూల నక్కాయి. చేపల షాపావిడ దగ్గరికి పరుగెత్తితే చెడామడా తిట్టింది. వాటి పుట్టిల్లే ఆకులు నానిన వాగులట, కుళాయి నీళ్ళలోని సున్నం వాటికి పడదట. డాబా మీద వాన నీళ్ళు పట్టి, అందులో ఎండు బాదం ఆకులు నానేసి, రోజుకో చెంబుడు చొప్పున మార్చాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మంచిచెడ్డల గురించి ఒక్కరోజైనా ఇంత ఆరా తీశారా అని మీ పిన్ని దెప్పింది.

పదో రోజుకి ఎరుపు తిరిగొచ్చింది. అసలు సంగతి చెప్పనా? పిల్లలు పుట్టాయి! ఆకుల కింద పదకొండు. రెండు కళ్ళూ ఓ తోకా, అంతే మనిషికి కనపడేది. మీ పిన్ని రోజూ భూతద్దం పెట్టి లెక్కపెడుతోంది, బట్టలకు రసీదు ఇచ్చే ముందు వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది. చూడకపోతే రసీదు లేదు.

నీ సంతోషం కోరే
బాబాయి

తా.క.: తొట్టి తీసుకెళ్తానని నువ్వు రాసిన రెండుసార్లూ, చేపలు ప్రయాణానికి తట్టుకోలేవని షాపావిడ చెప్పినట్టు రాశాను. ఆవిడ అలా అనలేదు. నేనే అబద్ధమాడాను. మధ్యాహ్నం షట్టరు సగం దించి, నేనూ మీ పిన్నీ పక్కపక్కన స్టూళ్ళు వేసుకుని వాటిని చూస్తూ కబుర్లు చెప్పుకుంటున్నాం. ఇన్నేళ్ళూ ఒకే షాపులో ఉండి, బట్టల సంగతులు తప్ప మేం మాట్లాడుకున్నది లేదు. ఆదివారం వచ్చి పెద్దవాటిని తీసుకెళ్ళు. ఆ పదకొండింటినీ మాకు వదిలెయ్. మనస్ఫూర్తిగా ఒప్పుకోలేకపోతే మొహమాటానికైనా ఒప్పుకో.