ఎవరి విస్తరి వాళ్ళే

అమ్మా,

పాలు కాచి ఉట్టి మీద పెట్టాను. పెరటి తలుపు గడియ పడలేదు, పిల్లి జాగ్రత్త. నువ్వు గుడి నుంచి వచ్చేసరికి నేనూ దాలమ్మా చీపురుపల్లి రైల్లో ఉంటాం.

తోటి పంతులమ్మ కదా అని దాలమ్మని మనింటికి రమ్మన్నది నేనే. నిన్న భోజనాలయ్యాక, తన విస్తరి తననే తియ్యమనమని నువ్వు నా చెవిలో చెప్పావు. అలా అనలేక, "మా ఇంట్లో ఎవరి విస్తరి వాళ్ళే తీస్తారు" అని అబద్ధమాడాను. దాన్ని నిజం చేద్దామని నాదీ ఎత్తాను. నువ్వు చటుక్కున లాక్కున్నావు. "నీకేటే ఈ కర్మ? చేపలోళ్ళ పిల్లవా నువ్వు?" అన్నావు.

దాలమ్మ విస్తరి పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఇప్పటికీ ఆమె మొహం చూడలేకపోతున్నాను.

కామేశ్వరి

తను తిన్న చోటు దాలమ్మ తెల్లారే పేడనీళ్ళతో అలికేసింది. నువ్వు మళ్ళీ అలకక్కర్లేదు.