రెండు గంటల పదమూడు నిమిషాలు

సోమవారం, పొద్దున
(టైము వేయడం లేదు, గమనించగలరు)

డాక్టరమ్మ గారికి గడియారాల రిపేరాయన నమస్కారాలతో రాసుకునేది. ఇక్కడ నేనూ మా ఆవిడా క్షేమం. నా నిద్ర అంతకన్నా క్షేమం.

నిన్న కొట్లో ఒక ఆడవాళ్ల వాచీ విప్పాను. ఆవగింజలో సగం ఉండే స్క్రూని సన్న పట్టకారుతో పట్టి, ఒక్కసారికే కూర్చోబెట్టాను. చెయ్యి వణకలేదు. మూడు నెలల కిందట ఇదే చేత్తో స్క్రూ జారవిడిచి, గచ్చంతా పాకి వెతుక్కున్నాను. ఇక కొట్టు మూసేస్తానని మా ఆవిడతో అనేశాను కూడా.

నిజం చెప్పొద్దూ, మొదటిరోజు మీ మీద మండిపోయాను. కంటి మీద కునుకు లేదు తల్లీ అని వస్తే, రాత్రి పన్నెండున్నర దాకా మంచమే ఎక్కొద్దన్నారు. ఐదున్నరకల్లా దిగిపోవాలట, పగలు కునుకు తీయకూడదట. ఆకలేస్తోందంటే కంచం లాక్కున్నట్టుందని ఇంటికెళ్లి విసుక్కున్నాను. నిద్ర రాకపోతే పొర్లకుండా లేచి ముందుగదిలో కూర్చోవాలని, కళ్లు మూతలు పడ్డాకే మళ్లీ రావాలని, పడకగదిలో గడియారం ఉండకూడదని చెప్పి, రోజూ నిద్ర లెక్క రాయమని ఒక నోటుబుక్కు చేతిలో పెట్టారు.

వారం తర్వాత ఆ పుస్తకం చూసి మీరు నవ్విన నవ్వు మర్చిపోలేను. మెలకువ వచ్చింది రెండూ పదమూడుకి, లేచింది రెండూ ముప్పైనాలుగుకి అని నీటుగా రాసుకొచ్చాను మరి. గడియారం లేని గదిలో ఈ నిమిషాలు ఎక్కడివండీ అని అడిగారు. నలభై ఏళ్ల వృత్తే నన్ను పట్టిచ్చింది. దిండు కింద వాచీ ఉందని ఒప్పుకున్నాను. అదెందుకో కూడా అప్పుడే మొదటిసారి నోరు విప్పాను. మా ఆవిడకు గుండెజబ్బు చేసిన ఏడాది, రాత్రి రెండింటికి మాత్ర ఇవ్వాల్సి వచ్చేది. ఆవిడకు నయమై మూడేళ్లయింది. నాకు మాత్రం ఆ మెలకువ మానలేదు. వాచీ పట్టుకుని ఆవిడ ఊపిరి లెక్కపెట్టేవాణ్ణి. నిమిషానికి పదహారు వస్తే హమ్మయ్య అనుకుని, మళ్లీ మొదటికి వచ్చేవాణ్ణి.

మీరు జాలీ పడలేదు, మందూ రాయలేదు. ఆ భయాన్ని సాయంత్రం ఆరింటికి, వెలుగుండగానే, కుర్చీలో కూర్చుని కాగితం మీద పెట్టమన్నారు. పట్టపగలు చూస్తే అదెంత చిన్నగా ఉందో! వాచీ మీ బల్ల సొరుగులో వదిలేసి వచ్చాను. తర్వాత పది రోజులు నరకమే. నోటికొచ్చినట్టల్లా తిట్టుకున్నాను మిమ్మల్ని, క్షమించాలి. పదకొండో రోజు తల వాల్చడమే గుర్తుంది. మా ఆవిడ తట్టి లేపేసరికి తెల్లారిపోయింది. ఆపైన పిసినారి పప్పులు కొలిచినట్టు పావుగంటా పావుగంటా నిద్ర పెంచుకుంటూ వచ్చారు.

ఆ వాచీ మీ దగ్గరే ఉంచుకోండి. బ్యాటరీ అయిపోతే నేనే వచ్చి మారుస్తాను. మీ మేలు ఈ జన్మకు మరిచిపోను తల్లీ.

ఇట్లు,
మీరు పెట్టిన పేరుతోనే,
నిమిషాల తాతయ్య

తా.క. డాక్టరమ్మా, ఇది రాస్తున్నది నేను, ఆయన భార్యను. కవరు అంటించే పని నాకు అప్పజెప్పారు కాబట్టి నాలుగు ముక్కలు. ఆయన నా ఊపిరి లెక్కపెట్టిన ప్రతి రాత్రీ నేనూ మేలుకునే ఉన్నాను. కదిలితే కంగారు పడతారని, కళ్లు మూసుకుని, ఆయన లెక్కకు అందేలా నిదానంగా ఊపిరి తీసేదాన్ని. పదహారుకి ఒక్కటి తగ్గనివ్వలేదు. మీరు వైద్యం చేసింది ఒక్కరికే అనుకుంటున్నారేమో, మా ఇంట్లో ఇద్దరం నిద్రపోతున్నాం. ఈ మాట ఆయనతో అనకండి. తెలిస్తే నాకు నిద్ర పట్టిందో లేదోనని మళ్లీ మేలుకుంటారు.